పొద్దు వాలాక కనిపించే శిల్పం

శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే తూర్పు పడమరలుగా పరుచుకుని ఉంటుంది. నైరుతి రుతుపవనాలు ప్రవేశించి పడమటి గాలి వీచే రోజుల్లో, సాయంత్రం బయల్దేరే విమానాలు వాలుతున్న సూర్యుడికి ఎదురుగా పరుగెత్తి పైకి లేస్తాయి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, శంషాబాద్ మండలం నర్కూడ గ్రామంలో, అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల నేల రూపమే మారిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, బాటలు ఎక్స్‌ప్రెస్ దారులయ్యాయి. అమ్మపల్లిలో కోనేటి మెట్లు, రాతి మండపం, ఎత్తయిన గోపురం మాత్రం సాయంత్రపు ఎండను ఎప్పటిలాగే అందుకుంటున్నాయి.

ఈ గుడికి సినిమావాళ్ళ గుడి అని పేరు. షూటింగుకు ఇక్కడ కొబ్బరికాయ కొడితే కలిసొస్తుందని చిత్రపరిశ్రమలో ఒక నమ్మకం. దానికి తోడు పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటల రాక. గుడి పదమూడో శతాబ్దం నాటిదని స్థానికులు చెప్పుకుంటారు. లోపలి రాముడి విగ్రహం, దాని వెనక మకరతోరణం ఒకే నల్లరాతిలో మలిచినవని, ఆ తోరణంలో దశావతారాలున్నాయని అంటారు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులే ఉంటారు. హనుమంతుడు బయట ధ్వజస్తంభం దగ్గర స్వామికి ఎదురుగా నిలుస్తాడు.

జంటలు ఎండ బాగా ఉన్నప్పుడు వస్తారు. షూటింగువాళ్ళు లైట్లు తెచ్చుకుంటారు. ఈ రెండు గుంపులూ సామాను సర్దుకునే సమయానికి మరికొందరు మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని వస్తారు. మనుషులను ఫొటో తీయడానికి వచ్చినవాళ్ళు కారు వీళ్ళు. ఒక స్తంభం మీద అరిగిపోయిన నర్తకి, ఒక గడప మీద పూలతీగ, పైకప్పు మధ్యలో ఒక పద్మం, వీళ్ళకు కావలసింది అంతే. వెలుగు తగ్గే కొద్దీ వీళ్ళ పని మొదలవుతుంది. ఈ ప్రసంగం వీళ్ళు చేసే పని గురించి, దాని వెనక ఉన్న లెక్కల గురించి, దానికి తెలుగునేలలో ఉన్న చరిత్ర గురించి.

ముందు వెలుగు సంగతి. మిట్టమధ్యాహ్నం మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండ గోడ మీద పై నుంచి కిందికి జారుతుంది. చూరు నీడ సగం గోడను నల్లగా కప్పేస్తుంది, మిగిలిన సగం తెల్లగా మండిపోతుంది. కెమెరాకు ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకునే శక్తి తక్కువ. అందుకే పట్టపగలు తీసిన గుడి ఫొటోల్లో శిల్పాల ముఖాలకు కళ్ళుండవు, కనుబొమల కింద రెండు నల్లటి గుంటలుంటాయి. ఫ్లాష్ వేస్తే ఇంకో రకం నష్టం. కెమెరా ఉన్న చోటి నుంచే వెలుగు నేరుగా వెళ్ళి కొట్టడం వల్ల నీడలన్నీ బొమ్మ వెనక్కి పోతాయి. శిల్పి రోజుల తరబడి తొలిచి తెచ్చిన లోతు ఒక్క మెరుపులో కాగితంలా చదునైపోతుంది.

సాయంత్రపు నీరెండ పక్క నుంచి వస్తుంది. గోడను రాసుకుంటూ పోతుంది. గోడకు పది డిగ్రీల కోణంలో ఎండ తగిలితే, ఒక సెంటీమీటరు ఎత్తున్న చెక్కడం ఐదున్నర సెంటీమీటర్ల నీడను వేస్తుంది. పగలంతా కంటికి ఆనని నగ, వేలి మడత, వీణ తీగ అప్పుడు లేచి నిలబడతాయి. ఏ శిల్పానికి ఈ యోగం ఎప్పుడు పడుతుందో చెప్పడానికి పంచాంగం చాలు. శంషాబాద్ పదిహేడు డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు జూన్ నెలాఖరులో నిండు పడమరకు ఇరవై నాలుగు డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు నెలాఖరులో అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో మాత్రమే సరిగ్గా పడమట దిగుతాడు.

మన పాత గుళ్ళు చాలావరకు తూర్పుముఖంగా కట్టినవి. కాబట్టి వాటి ఉత్తరపు గోడ మీద సాయంత్రపు ఎండ రాసుకుంటూ పడే రోజులు ఉగాది దగ్గర మొదలవుతాయి. అస్తమయానికి ముందు గంటలోపే ఆ ఎండ గోడ మీదికి వస్తుంది. దక్షిణపు గోడకు అటువంటి సాయంత్రాలు దసరా రోజుల్లో వస్తాయి. పగలంతా వెలుగులోనే ఉన్న గోడ మీద చివరి అరగంటలో నీడలు ఒక్కసారిగా సాగుతాయి. నడిమి వేసవిలోనో, సంక్రాంతికి ముందు చలిలోనో వెళ్ళినవారికి ఆ గోడల మీద వెలుగు దొరుకుతుంది కానీ అంత ఏటవాలుగా దొరకదు. గుడిని నాలుగు దిక్కుల్లోనూ, అన్ని రుతువుల్లోనూ చూడాలనడంలో ఈ లెక్క కూడా ఉంది.

దీనికి గొప్ప ఉదాహరణ ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయం ఇది, శాసనం 1213 నాటిది. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దీని గోడలు ఎర్రని ఇసుకరాయి, స్తంభాల పైన చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు, నాగినులు నల్లని డోలరైట్ రాయి. మండపానికి తూర్పు, ఉత్తరం, దక్షిణం దిక్కుల్లో మూడు వాకిళ్ళు, వాటి పక్కనే ఈ స్త్రీమూర్తులు. వెడల్పాటి చూరు వల్ల మధ్యాహ్నపు ఎండ వీరిని తాకదు. పొద్దు బాగా కిందికి దిగితేనే వెలుగు చూరు కిందికి దూరగలదు. తూర్పు వాకిలి మదనికలకు ఆ వెలుగు ఉదయం అందుతుంది. ఉత్తరపు వాకిలివారికి ఎండాకాలపు సాయంత్రాలు, దక్షిణపు వాకిలివారికి చలికాలపు సాయంత్రాలు. నున్నగా సానపట్టిన ఆ నల్లరాతి మీద వెలుగు నీటి మీద పడ్డట్టు జారుతుంది. చెంప మీద, భుజం మీద, మోకాలి మీద ఒక్కొక్క సన్నని మెరుపు గీత. రూపం మొత్తం ఆ గీతల్లోనే తెలుస్తుంది, మిగతాదంతా చీకటికి వదిలేయవచ్చు.

పాలంపేట గుళ్ళ మీద తొలి సమగ్ర గ్రంథం రాసినవాడు గులాం యజ్దానీ. 1914లో ఏర్పడిన నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు ఆయన మొదటి డైరెక్టరు. ఆ పుస్తకం 1922లో భారత పురావస్తు సర్వే ప్రచురణగా ఫొటో పలకలతో సహా వెలువడింది. గుడి కొలతలు, శాసనాలు, శిల్పాలు అన్నిటినీ ప్రపంచానికి చూపడం ఆయన ఉద్దేశం, అందుకు నిండు వెలుగు కావాలి. ఇవాళ సాయంత్రం పూట స్టాండు దించుకుని నిలబడేవారి ఉద్దేశం వేరు, ఒక్క బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఉండటం. ఈ రెండు పనులూ ఒకదానికొకటి పోటీ కావు. యజ్దానీ పలకలు లేకపోతే ఏ బొమ్మ దగ్గర ఆగాలో తర్వాతివారికి తెలిసేది కాదు.

ఇక సూర్యుడు పూర్తిగా మునిగాక జరిగేది మరీ విశేషం. నడిపగటి ఎండ వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. సూర్యబింబం దిగంతాన్ని దాటే క్షణానికి అది సుమారు నాలుగు వందల లక్స్‌కు పడిపోతుంది. బింబం దిగంతానికి ఆరు డిగ్రీలు కిందికి చేరేసరికి మూడు నాలుగు లక్స్ మిగులుతుంది. ఈ మలిసంధ్య మన అక్షాంశంలో 22 నుంచి 24 నిమిషాలే. లండన్‌లో జూన్ నెలలో ఇదే సంధ్య ముప్పావుగంట సాగుతుంది. మనకు అంత వ్యవధి లేదు. ఆ ఇరవై చిల్లర నిమిషాల్లో వెలుగు ఏడుసార్లు సగమవుతుంది, అంటే మూడు నిమిషాలకొకసారి.

ఫొటో తీసేవారికి ఈ లెక్క ఒళ్ళంతా తెలుస్తుంది. లెన్స్ ద్వారం ఎఫ్ ఎనిమిది దగ్గర, ఐఎస్‌ఓ వంద దగ్గర పెట్టుకుంటే, అస్తమయం వేళ షట్టరు అర సెకను తెరిచి ఉంచాలి. మూడు నిమిషాలు గడిస్తే ఒక సెకను, మరో మూడు నిమిషాలకు రెండు, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది. సంధ్య ముగిసేసరికి ఒక్క ఫొటోకు పూర్తిగా ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో కెమెరాను తాకకూడదు, నేల అదిరేలా నడవకూడదు. చేయగలిగింది ఎదురుగా ఉన్న రాతిని చూస్తూ నిలబడటమే. పగలు నిమిషంలో ఇరవై ఫొటోలు తీసిన మనిషిని సాయంత్రపు వెలుగు నిమిషానికి ఒక్క ఫొటోకు దించుతుంది. ధ్యానం అనే పెద్ద మాట ఈ కళకు ఎందుకు అతుకుతుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఎవరూ కళ్ళు మూసుకుని కూర్చోరు, తెరిచిన కళ్ళతోనే మనసు నిలుస్తుంది. వెలుగు తగ్గడమే అందుకు కారణం.

నిమిషం పాటు తెరిచిన షట్టరు ముందు నుంచి ఎవరైనా నడిచి వెళ్ళినా ఫొటోలో కనబడరు. కదిలేవారు చెరిగిపోతారు, కదలని రాయి నిలుస్తుంది. విమానాశ్రయం దగ్గర తీసిన ఫొటోల్లో ఇంకొకటి చేరుతుంది. గోపురం వెనక ఆకాశంలో విమానం దీపాలు ఒక పొడుగాటి గీతగా మిగులుతాయి. కొందరు ఆ గీత ఫొటోను చెడగొట్టిందని భావించి మళ్ళీ తీస్తారు. దాన్ని ఉంచినవారిదే సరైన ఎంపిక. శంషాబాద్‌లో గుడిని గుడిగా, ఈ కాలపు గుడిగా చూపేది ఆ గీతే.

శిల్పులకు కూడా మసక వెలుగు తెలియనిది కాదు. గర్భగుడి, అంతరాళం, నవరంగ మండపం ఇవన్నీ పగలే చీకటిగా ఉండే చోట్లు. నూనె దీపం కిందుగా, పక్కగా వెలుగుతుంది. అర్చకుడు హారతి ఎత్తినప్పుడు వెలుగు కదులుతుంది, దానితో మూర్తి ముఖం మీద నీడలూ కదులుతాయి. లోపలి స్తంభాల మీద గీతలు అంత లోతుగా తీయడానికి, కళ్ళు అంత పెద్దవిగా మలచడానికి ఈ వెలుగు కూడా కారణమని అనుకోవడం సబబు. సంధ్యవేళ కెమెరా పట్టుకున్నవారు ఆ పాత చూపుకు దగ్గరగా వస్తున్నారు. బల్బుల వెలుతురులో పెరిగిన కళ్ళకు ఇది అవసరమైన సాధన.

ఆశ్చర్యమేమంటే, మన ప్రాంతపు తొలి ఛాయాగ్రాహకులకు ఈ వెలుగు అందుబాటులోనే లేదు. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు, రూర్కీలో ఇంజనీరింగు చదివారు, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేశారు. మధ్యభారతపు కట్టడాల మీద లెపెల్ గ్రిఫిన్ 1886లో తెచ్చిన గ్రంథానికి ఫొటోలు ఆయనవే. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యారు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. ఆయన గాజు పలకల నెగెటివులు 2857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 1892 నాటి ఆల్బమొకటి నిజాం రాజ్యంలోని దృశ్యాలతోనే నిండింది.

ఆ కాలపు గాజు పలకకు నీలిరంగు వెలుగు మాత్రమే బాగా అంటేది. ఎరుపు దాదాపు అంటేదే కాదు. సాయంత్రం ఎండలో ఎక్కువగా ఉండేది ఎరుపు, నారింజ రంగులు. కంటికి బంగారంలా మెరిసే గోడ ఆ పలక మీద బొగ్గులా పడేది. రామప్పలాంటి ఎర్రరాతి గుడి అయితే చెప్పనక్కరలేదు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ పలకలు 1906లో గానీ అంగట్లోకి రాలేదు, దీన్ దయాళ్ 1905లోనే కన్నుమూశారు. ఆయన ఫొటోల్లోని తెల్లని నిశ్చలమైన పగలు ఆ పలక పెట్టిన హద్దు లోపలే పుట్టింది. ఆ హద్దులోనే అంత కచ్చితమైన నిలువు గీతలు, అంత చక్కని కూర్పు సాధించడం ఆయన గొప్పతనం. అస్తమయపు వెలుగులో శిల్పాన్ని పట్టే కళ ఇరవయ్యో శతాబ్దపు సంతానం.

ఆయనకంటే ముందు తెలుగు శిల్పాన్ని కెమెరాకు ఎక్కించినవాడు లినియస్ ట్రైప్. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన సున్నపురాతి పలకలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1858 వేసవిలో ట్రైప్ వాటిని వరసగా ఫొటోలు తీశాడు. మ్యూజియంలోని ఇతర వస్తువులతో కలిపి డెబ్బై ఐదు ఫొటోల సంపుటం తయారైంది. మరుసటి ఏడు ఆ పలకల్లో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. మన అమరావతి శిల్పం ఈ నేల మీద ఉండగా తీసిన తొలి ఫొటోలు ఒక అధికారిక జాబితా కోసం తీసినవి. అయినా వాటిలో నీడల పట్ల అతను చూపిన శ్రద్ధ ఉద్యోగధర్మానికి మించినది.

మన నేల దాటి చూస్తే ఈ సాధనను ఒక జీవితమంతా చేసినవాడు జపాన్ ఛాయాగ్రాహకుడు కెన్ దోమోన్. పాత ఆలయాల యాత్ర అనే అర్థం వచ్చే పేరుతో 1963 నుంచి 1975 వరకు ఐదు సంపుటాలు తెచ్చాడు. 1959లో మెదడులో రక్తస్రావమై శరీరం దెబ్బతింది, 1968లో రెండోసారి వచ్చినప్పుడు చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అయినా సహాయకుల చేత కెమెరా అమర్పించి పని సాగించాడు. ఉజి ఊళ్ళోని బ్యోదోఇన్ ఆలయంలో ఒకరోజు పని ముగించి బయల్దేరుతూ వెనక్కి తిరిగి చూశాడట. సంధ్యమేఘాలు కదిలిపోతుంటే గుడే పరుగెత్తుతున్నట్టు కనిపించింది. వెంటనే కెమెరా దింపించి ఆ ఒక్క ఫొటో తీశాడు. ఆలయాలు స్థిరంగా ఉంటాయని అందరూ అనుకునే చోట కదలికను చూడటం, అది కూడా వెలుగు పోయే చివరి క్షణంలో చూడటం, అంతకుముందు ఏళ్ళ తరబడి నిలబడి చూసిన కంటికే సాధ్యం.

ఏటవాలు వెలుగుకు అందం ఒక్కటే పని కాదు, చదివించడమూ దాని పనే. శంషాబాద్‌కు పడమటగా మొయినాబాద్ మండలంలో ఎనికేపల్లి ఉంది. 2023లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి అక్కడి చెరువు తూములో బిగించి ఉన్న రెండు చదరపు రాతి స్తంభాలను గుర్తించారు. వాటి మీద జైన తీర్థంకరుల బొమ్మలు, శాసనాక్షరాలు. తొమ్మిది, పది శతాబ్దాలవని, పక్కనే ఉన్న చిలుకూరులోని జైన బసదికి సంబంధించినవని ఆయన నిర్ధారించారు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళే వేలమంది ఆ దారినే పోతారు. వెయ్యేళ్ళ కిందట ఆ చిలుకూరు జైనక్షేత్రమని చెప్పే సాక్ష్యం ఒక తూములో నీళ్ళకు అడ్డుగా నిలబడి ఉంది.

ఇలాంటి అరిగిన అక్షరాలను చదవడానికి శాసన పరిశోధకులు ఎప్పటి నుంచో రెండు పద్ధతులు వాడుతున్నారు. ఒకటి, తడి కాగితం రాతి మీద పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్ది అచ్చు తీయడం. రెండోది, పొద్దు వాలే దాకా ఆగడం, లేదా చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి ఆనించినంత పక్కగా పట్టుకోవడం. అక్షరం గాడిలో నీడ నిండుతుంది, మిగిలిన రాయి వెలుగుతుంది, అక్షరం తేలుతుంది. 2001లో అమెరికాలోని హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ఇదే సూత్రాన్ని కంప్యూటరుకు నేర్పింది. కెమెరా కదలకుండా ఉంచి, దీపాన్ని చుట్టూ ఎన్నో దిక్కులకు మారుస్తూ ఫొటోలు తీస్తే, తర్వాత తెర మీద వెలుగును మనకు కావలసిన వైపు తిప్పుకోవచ్చు. మట్టిపలకలు, నాణేలు, శాసనాలు చదవడానికి ప్రపంచమంతా దీన్ని వాడుతున్నారు. చేతిలో ఫోను ఉన్న పల్లె కుర్రాడైనా సాయంత్రం ఐదున్నరకు తన ఊరి వీరగల్లు దగ్గర నిలబడితే ఈ పనిలో సగం సూర్యుడే చేసిపెడతాడు. ఆ ఫొటో ఒక పరిశోధకుడికి చేరితే చరిత్రలో ఒక వాక్యం చేరవచ్చు.

రాయిని బట్టి వెలుగు నడక మారుతుంది. శంషాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల. గ్రానైట్ గింజ ముతక, ఉలికి మొండిది. దాని మీది బొమ్మలు గుండ్రంగా, లోతు తక్కువగా ఉంటాయి. వాటికి బాగా కిందికి దిగిన ఎండ కావాలి. అమ్మపల్లి మీదుగా హైవే ఎక్కి, నలభై నాలుగో జాతీయ రహదారి మీద కర్నూలు వైపు సాగితే రాయి మారుతుంది. జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది, పూర్తిగా ఇటుకతో నిలిచిన జైన ఆలయం. పొద్దువాలే వేళ ఆ ఇటుకల ఎరుపు ఎండ ఎరుపుతో కలిసి ఏది ఏదో తెలియదు. ఇంకా కిందికి వెళితే తుంగభద్ర ఒడ్డున అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, ఏడో శతాబ్దం నాటి ఇసుకరాయి. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి పాలనలో, అంటే 681 నుంచి 696 మధ్య, లోకాదిత్యుడు కట్టించినదని శాసనం.

అలంపురం గుళ్ళు తూర్పుముఖాలు కనుక అస్తమయపు ఎండ వాటి వెనక గోడలకు దక్కుతుంది. యాత్రికులు ముందు నుంచి దర్శనం చేసుకుని వెళ్ళిపోతారు. వెనక గోడల కోష్ఠాల్లోని మూర్తులు సాయంత్రం ఒంటరిగా వెలుగుతుంటాయి. ఇసుకరాయి వెలుగును కొంచెం లోపలికి పీల్చుకుని మెల్లగా తిరిగి ఇస్తున్నట్టు కనబడుతుంది. దాని మీద డోలరైట్ మీది మెరుపు గీతలుండవు, మెత్తని మెట్లు మెట్లుగా నీడ ఉంటుంది. గ్రానైట్, ఇటుక, ఇసుకరాయి మూడింటినీ ఒకే దారిలో చూడగలగడం మన ప్రాంతపు ఛాయాగ్రాహకులకు దక్కిన భాగ్యం. దేశమంతా తిరగకుండానే వెలుగు పాఠాలన్నీ ఇక్కడే నేర్చుకోవచ్చు.

ఈ వెలుగుకు ఇవాళ పెద్ద శత్రువు రంగు. భక్తితోనే, మంచి ఉద్దేశంతోనే, ఊళ్ళల్లో పాత రాతిబొమ్మలకు సున్నం కొడుతున్నారు, ఎనామిల్ రంగులు పూస్తున్నారు. ప్రతి పండగకూ ఒక పూత చేరుతుంది. పూత కింద గాడులు పూడుతాయి, వేళ్ళు అతుక్కుంటాయి, నగిషీ మాయమవుతుంది. నిగనిగలాడే రంగు మీద నీరెండ పడితే కనిపించేది రంగు మెరుపే, చెక్కడం కాదు. రాతి పని పోయాక ఏ వెలుగూ దాన్ని తిరిగి తేలేదు. వారసత్వ కార్యకర్తలు ఊరూరా తిరిగి ఈ పూతలను జాగ్రత్తగా తొలగించమని చెబుతున్నారు. వాళ్ళ మాట విన్న ఊళ్ళలో శతాబ్దాల నాటి ముఖాలు మళ్ళీ కనిపిస్తున్నాయి. గుడి కమిటీలు ఒక్కసారి రంగు వేసే ముందు, ఆ బొమ్మను సాయంత్రం ఐదు గంటలకు పక్క నుంచి చూడాలి. చూసిన తర్వాత బ్రష్ ముంచడానికి చాలామందికి మనసొప్పదు.

రాత్రిపూట రంగురంగుల ఫ్లడ్‌లైట్లు కూడా దాదాపు ఇదే చేస్తున్నాయి. కింది నుంచి పైకి కొట్టే ఊదా, ఆకుపచ్చ వెలుగులో శిల్పి ఊహించిన నీడలన్నీ తలకిందులవుతాయి. దీపాలు పెట్టాలంటే పక్కగా, తక్కువగా, ఒకే రంగులో పెట్టవచ్చు. అది ఖర్చు తక్కువ కూడా.

శంషాబాద్ దగ్గరే ముచ్చింతల్‌లో ఇప్పుడు కొత్త రాతిపని చూడవచ్చు. 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహం చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు నల్లరాతిలో కట్టారు. ఆ ఉలి గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి, గాలికీ వానకూ అరగలేదు. ఫొటోలు నేర్చుకునే యువతకు ఇదొక మంచి బడి. ముచ్చింతల్‌లో పదునైన అంచు మీద నీడ ఎలా తెగుతుందో చూసి, అమ్మపల్లిలో అరిగిన అంచు మీద అదే నీడ ఎలా కరుగుతుందో చూస్తే, శతాబ్దాల కాలం రాతికి ఏం చేస్తుందో కంటికి అర్థమవుతుంది.

ఇక నియమాలు. ఏ గుడిలోనైనా గర్భాలయం ఫొటో తీయకూడదు, అడిగి బయట తీయాలి. ఫ్లాష్ వాడకపోవడం మర్యాద. విమానాశ్రయం పక్కనే కనుక ఈ ప్రాంతంలో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నేరం. దాని వల్ల ఒక మేలు కూడా జరిగింది, ఇక్కడ అందరూ నేల మీద నిలబడే చూడాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో 2018 జూలై నుంచి, అజంతా చిత్రాలవంటి కొన్నిచోట్ల తప్ప, ఫొటోలకు స్వేచ్ఛ ఉంది. మూడుకాళ్ళ స్టాండుకు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి.

చిక్కంతా వేళల దగ్గర ఉంది. చాలా రక్షిత కట్టడాలను సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు. అంటే వెలుగు ఏడుసార్లు సగమయ్యే ఆ ఇరవై రెండు నిమిషాలు మొదలవుతుండగానే కాపలాదారు ఈల వేస్తాడు. అతని తప్పు లేదు, అది ఉత్తర్వు. 2019 జూలైలో కేంద్రం పది కట్టడాలను రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించింది. వాటిలో భువనేశ్వర్ రాజరాణి ఆలయం, ఖజురహో దులాదేవ్ ఆలయం, పట్టదకల్ గుళ్ళు ఉన్నాయి. ఆ పదిలో తెలంగాణ నుంచి గానీ, ఆంధ్రప్రదేశ్ నుంచి గానీ ఒక్కటీ లేదు.

పట్టదకల్ కూడా చాళుక్యుల గుళ్ళే, అలంపురమూ చాళుక్యుల గుళ్ళే. ఒకదానికి దక్కిన సాయంత్రం రెండోదానికి ఎందుకు దక్కకూడదు? రోజూ అక్కరలేదు, తొమ్మిది గంటల దాకా కూడా అక్కరలేదు. అస్తమయం దాటి ఒక్క అరగంట, నెలకు రెండు సాయంత్రాలు, ముందుగా పేర్లు నమోదు చేసుకున్న విద్యార్థులకు, చిత్రకారులకు, ఛాయాగ్రాహకులకు, ఒక కాపలాదారు తోడుగా. రామప్పలో ఉత్తరపు వాకిలి కోసం ఎండాకాలంలో, దక్షిణపు వాకిలి కోసం చలికాలంలో. అలంపురంలో వెనక గోడల కోసం ఏడాది పొడవునా. హైదరాబాద్‌లోని లలితకళల కళాశాలలు, ఫొటోగ్రఫీ సంఘాలు కలిసి పురావస్తు శాఖకు ఈ అభ్యర్థన రాతపూర్వకంగా పంపడానికి వచ్చే ఉగాది లోపు సమయం ఉంది. అంతవరకు అమ్మపల్లి తలుపులు సాయంత్రపు పూజకు ఎలాగూ తెరిచే ఉంటాయి.